కచేరీలో కచేరీ పెట్టాలంటే

మీరు అడిగినది ముందు చెప్పేస్తాను, చదివేవాళ్లకి తేలిక. మీ ఊళ్లో ఇంగ్లీషువాళ్ల కాలం నాటి తాలూకా కచేరీ ఉంది. ఆఫీసు కొత్త బిల్డింగ్‌కి మారిపోయింది. పాతదాంట్లో సగం రికార్డు గది, మిగతా సగం ఖాళీ. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి, అదే తెలుగు భాషా దినోత్సవం, ఆ కచేరీలో జరపాలని మీ సాహితీ బృందం కోరిక. 400 మంది జనం, స్టేజీ, మైకు, పాత ఫోటోల ప్రదర్శన, చీకటి పడ్డాక పాటలు. తహశీల్దారు గారిని నోటిమాటగా అడిగితే "రూల్స్ ఒప్పుకోవండీ" అన్నారు. అది నిజమేనా, నిజం కాకపోతే ఎవర్ని ఎలా అడగాలి అన్నది మీ సందేహం.

నేను రెవెన్యూలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి దరఖాస్తులు తీసుకునే కుర్చీలోనూ కూర్చున్నాను, రిటైరయ్యాక దరఖాస్తు పట్టుకుని వరండాలో బెంచీ మీదా కూర్చున్నాను. రెండువైపులా చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: పాత ప్రభుత్వ భవనంలో సాంస్కృతిక కార్యక్రమం పెట్టకూడదని గంపగుత్తగా చెప్పే రూలేదీ లేదు. ఆ భవనం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి, అంతే. "రూల్స్ ఒప్పుకోవు" అంటే చాలాసార్లు "రేపు ఏదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది" అని అర్థం. ఆ భయం తీరిస్తే సగం పని అయినట్టే. ఎలా తీర్చాలో చెప్పేముందు ఒక్క ప్రశ్న.

ఆ బిల్డింగే ఎందుకు?

తప్పుగా అనుకోకండి. అద్దె మిగులుతుందని, ఊరి నడిబొడ్డున ఉందని అయితే కల్యాణ మండపం తీసుకోండి. ఫ్యాన్లుంటాయి, బాత్రూములుంటాయి, వంటగది ఉంటుంది. పాత కచేరీలో ఇవేవీ ఉండవు. మండపం ఇవ్వలేనిది ఒకటి మాత్రం ఉంటుంది. మీరు దేన్ని తలుచుకుంటున్నారో దానికీ ఆ గోడలకీ లంకె. ఆ లంకె దొరికితేనే ఇంత తంటా పడండి.

కడపలో చూడండి. సి.పి. బ్రౌన్ 1820లో అక్కడికి వచ్చింది కలెక్టరు కింద అసిస్టెంటుగా, అంటే మా శాఖ మనిషే. సొంత బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్రాలు సేకరించి, సరిచూసి, ప్రతులు రాయించాడు. ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉన్నది ఆ బంగళా ఉన్న చోటే. నవంబరు 10న అక్కడ ఆయన జయంతి చేస్తే, చేసేది పదిమందే అయినా అర్థం ఉంటుంది. అదే జయంతి ఊరవతల షాపింగ్ కాంప్లెక్సులో చేస్తే వెయ్యిమంది వచ్చినా అది ఇంకో మీటింగే.

ఇంకాస్త దూరం పోతే మారిషస్. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ అని ఉంది. 1849లో మొదలైన వలస కూలీల డిపో అది. పేర్లు రాసుకుని, నంబర్లు ఇచ్చి, చెరకు తోటలకి పంపిన సర్కారు ఆఫీసు. మన కోరంగి రేవు నుంచి, విశాఖ వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఆ దేశం చేరి అలాంటి మెట్లే ఎక్కారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నవంబరు 2 అక్కడ సెలవు రోజు, ఏటా అదే ఆవరణలో ప్రభుత్వమే స్మరణ కార్యక్రమం చేస్తుంది. మనుషుల్ని నంబర్లుగా మార్చిన ఆఫీసులోనే వాళ్ల మునిమనవలు నిలబడి వాళ్లని పేరుతో తలుచుకుంటున్నారు. ఈ పని ఏ ఆడిటోరియం చేయగలదు?

మరి మీ తాలూకా కచేరీకీ గిడుగు వారికీ ఏమిటి సంబంధం అంటే, ఉంది. ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేసిన మనిషి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోతే ఇల్లూ ఊరూ వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఆయన జీవితమంతా పోరాడింది ఒక్కదానికి: జనం మాట్లాడే భాషలోనే చదువూ రాతా ఉండాలని. ఆ జనభాష ఎక్కడెక్కడ రాతలోకి ఎక్కిందో వెతికితే శాసనాలు ఉన్నాయి, ఉత్తరాలు ఉన్నాయి, ఆ తర్వాత కచేరీ కాగితాలు ఉన్నాయి. రైతు పెట్టుకున్న అర్జీ, కరణం రాసిన లెక్క, సాక్షి ఇచ్చిన వాంగ్మూలం. అరసున్నలూ శకటరేఫలూ చూసుకుని ఎవడూ అర్జీ రాయలేదు.

ఇంకో తమాషా ఉంది. "కచేరీ" అన్న మాటే చూడండి. ఆఫీసూ అదే, పాటల సభా అదే. వసూలు, బాకీ, జప్తు, హామీ, దరఖాస్తు, రాజీనామా, తాఖీదు, ఇవన్నీ సర్కారు కచేరీ గడప దాటి మన ఇళ్లలోకి వచ్చి కాపురం పెట్టిన మాటలు. "ఇచ్చిన బాకీ వసూలు కాలేదు" అని ముసలమ్మ అంటుంది, అందులో రెండు మాటలు మన భాషలో పుట్టినవి కావని ఆవిడకి తెలియదు, తెలియక్కర్లేదు. మీ ఫోటోల ప్రదర్శనకి తోడు, ఒక్క గది గోడ పొడుగునా ఇలాంటి నూరు మాటలు పెద్ద అక్షరాలతో రాసి నిలబెట్టండి. అడంగలు అంటే ఏమిటి, ఫసలీ అంటే ఏమిటి, జమాబందీ ఎలా జరిగేది, ఒక్కో మాటకి రెండేసి వాక్యాలు. ఊళ్లో బతికున్న పాత కరణాలు, మునసబులు ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టి మాట్లాడించండి. వాళ్ల వయసు ఇప్పుడు ఎనభై దాటి ఉంటుంది. ముఖ్య అతిథి ఉపన్యాసం కంటే ఇదే జనానికి గుర్తుంటుంది. తహశీల్దారు గారికి కూడా "ఇది మా ఆఫీసు గురించిన ప్రోగ్రాం" అనిపిస్తుంది. ఈ మాట చిన్నదిగా కనబడుతుంది గానీ, అనుమతి సంతకం చాలాసార్లు ఇక్కడే పడుతుంది.

ఇక బిల్డింగ్ ఎవరిది అన్న సంగతి. ముందు ఇది తేల్చుకోండి, తప్పు ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగినవాళ్లని చూశాను. తాలూకా కచేరీ మామూలు ప్రభుత్వ భవనం అయితే, వాడకం రెవెన్యూది, మరమ్మతులు ఆర్ అండ్ బి, అంటే రోడ్లు భవనాల శాఖ వాళ్లవి. తహశీల్దారుకి అర్జీ ఇచ్చి, ఆర్డీఓ గారికీ కలెక్టరు గారికీ ప్రతులు పంపాలి. మున్సిపాలిటీది అయితే కమిషనరు. స్కూలు అయితే హెడ్‌మాస్టరు తన అంతట తాను ఒప్పుకున్నా సరిపోదు, డీఈఓ, అంటే జిల్లా విద్యాధికారి దాకా వెళ్లాలి. ఆ ఆవరణలో పాత సబ్‌జైలో, ట్రెజరీయో ఇంకా నడుస్తుంటే మాత్రం ఆశ వదులుకోండి, కనీసం ఆ వైపు ఆశ. మద్రాసు కాలంలో కచేరీ, ఖజానా, సబ్‌జైలు ఒకే ప్రహరీలో కట్టడం మామూలు. మీ దాంట్లో ఖాళీ పడిన సబ్‌జైలు గది ఉంటే స్వాతంత్ర్య పోరాటంలో ఎవర్నైనా అక్కడ పెట్టారేమో ఊరి పెద్దల్ని అడిగి చూడండి. అది ఇంకో ఏడాది ఇంకో కార్యక్రమం.

రక్షిత కట్టడం అయితే కథ వేరు. కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నవాటికి 1958 నాటి చట్టం, 1959 నాటి నియమాలు వర్తిస్తాయి. రక్షిత కట్టడంలో మీటింగు, విందు, వినోద కార్యక్రమం ఏది పెట్టాలన్నా కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించాలని ఆ నియమాల్లో సూటిగా ఉంది. ఎప్పటినుంచో ఆనవాయితీగా జరిగే మతపరమైన ఆచారాలకి మాత్రం మినహాయింపు. అక్కడ వంట చేయడం కుదరదు. కట్టడాన్ని పాడుచేస్తే 2010 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఆంధ్రలో అయితే అమరావతి సర్కిల్, తెలంగాణలో అయితే హైదరాబాద్ సర్కిల్ ద్వారా దరఖాస్తు వెళ్లాలి. రాష్ట్ర పురావస్తు శాఖ కట్టడాలకి ఆంధ్రలో 1960 చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన వారసత్వ చట్టం. వీటికి కనీసం మూడు నాలుగు నెలల ముందు కదలాలి.

కుదరదని కాదు. గోల్కొండ కోట కేంద్ర రక్షిత కట్టడమే. తెలంగాణ వచ్చిన 2014 నుంచి ఆగస్టు 15 జెండా అక్కడే ఎగరేస్తున్నారు. అంతకుముందు సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో జరిగేది. వేదిక మార్చడమే ఒక ప్రకటన అని అప్పట్లో అందరికీ అర్థమైంది. అయితే ప్రభుత్వమే చేసే పనికీ, మీ బృందం చేసే పనికీ ఫైలు కదిలే వేగంలో తేడా ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

మీది మామూలు భవనమే అనుకుని ముందుకు పోదాం.

అర్జీ ఎలా రాయాలి? చాలామంది మూడు పేజీలు రాస్తారు. రెండున్నర పేజీలు తెలుగు భాష గొప్పతనం, చివరి పేరాలో "కావున అనుమతి ఇవ్వగలరు". కుర్చీలో కూర్చున్నవాడికి తెలుగు గొప్పతనం మీద సందేహం లేదు. ఆయన సందేహాలు వేరు. కరెంటు బిల్లు ఎవరు కడతారు? మర్నాడు ఊడ్చేదెవరు? అద్దం పగిలితే? రికార్డు గదిలోకి ఎవడైనా దూరితే? ఎవరైనా స్టేజీ ఎక్కి రాజకీయం మాట్లాడితే పేపర్లో ఎవరి పేరు పడుతుంది? మీ అర్జీ ఈ ప్రశ్నలకి జవాబుగా ఉండాలి. ఒక్క పేజీ చాలు. తేదీ, గంటలు, ఏయే గదులు కావాలి, ఏవి అక్కర్లేదు, ఎంతమంది, కరెంటుకి సొంత జనరేటరు, శుభ్రం చేసే బాధ్యత ఫలానావారిది అని పేరుతో సహా, నష్టం జరిగితే భరిస్తామని హామీ, డిపాజిట్‌గా ఇంత. బృందం రిజిస్టరైన సొసైటీ అయితే ఆ నంబరు. కాకపోతే ముగ్గురి సంతకాలు, ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి.

ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆంధ్ర జిల్లాల్లో ప్రభుత్వమే అధికారికంగా జరుపుతుంది. "మాకు భవనం ఇవ్వండి" అనకుండా "మండల స్థాయిలో మీరు ఎలాగూ ఒక కార్యక్రమం చేయాలి కదా, దాన్ని పాత కచేరీలో కలిసి చేద్దాం, పని మాది, పేరు మీది" అనండి. అప్పుడది మీ ప్రైవేటు ఫంక్షన్ కాదు, వాళ్ల డ్యూటీ. సంతకం పెట్టే చెయ్యి వణకదు.

కలిసి చేస్తే ఒక చిక్కు వస్తుంది, ప్రోటోకాల్. ప్రభుత్వ గడప లోపల ఆహ్వాన పత్రిక అంటే పేర్ల వరస ఉంటుంది. మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, జడ్పీ, మున్సిపల్ చైర్మన్, ఎవరి పేరు ఎవరి కింద పడాలో రాతలేని రూలొకటి, రాసిన రూలొకటి. ఒకసారి నేను పనిచేసిన ఊళ్లో ఒకాయన పేరు రెండో వరసలో పడిందని కార్యక్రమం రోజు పొద్దున ఆహ్వానాలన్నీ మళ్లీ అచ్చు వేయించాల్సి వచ్చింది. టెన్షన్‌తో ఆ పూట అన్నం కూడా తినలేదు. కాబట్టి కార్డు మీరు వేయకండి. వివరాలు రాసిచ్చి "ప్రోటోకాల్ ప్రకారం మీ ఆఫీసే పేర్లు సరిచూడాలి" అని వదిలేయండి. పార్టీ జెండాల రంగుల్లో ఫ్లెక్సీలు లోపల వద్దని ముందే చెప్పేయండి, అన్ని పార్టీలవాళ్లకీ ఒకే రోజు చెప్పండి.

ఎన్నికల నియమావళి సంగతి కూడా గుర్తుంచుకోండి. షెడ్యూలు ప్రకటించిన నిమిషం నుంచీ అది అమల్లోకి వస్తుంది. స్థానిక ఎన్నికలైనా, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలైనా సరే. అప్పుడు ఏ అధికారీ కొత్తగా భవనం ఇచ్చే సాహసం చేయడు, చేయమని అడగకూడదు కూడా. అందుకే ఒక ప్రైవేటు హాలు పేరు జేబులో పెట్టుకుని తిరగండి.

దేన్ని స్మరిస్తున్నామో దాని పేరు కూడా జాగ్రత్తగా పెట్టాలి. మీది భాషా దినోత్సవం కాబట్టి గొడవ లేదు. తెలంగాణలో అయితే కాళోజీ జయంతి సెప్టెంబరు 9 కూడా భాషా దినోత్సవమే, అదీ గొడవ లేనిదే. కానీ ఇలాంటి ప్రశ్న రేపు మరొకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. సెప్టెంబరు 17 ఉంది చూడండి, 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన రోజు. ఒకరికి విమోచన దినం, ఒకరికి విలీన దినం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినోత్సవం అంటే, కేంద్రం అదే రోజు విమోచన దినం అని పరేడ్ మైదానంలో జరిపింది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. జెండా ఒక్కటే, తేదీ ఒక్కటే, పేరు మాత్రం ఎవరిది వాళ్లది. అలాంటి రోజుకి ప్రభుత్వ భవనం అడిగితే, అధికారి ఆ ఏడాది జీవోలో ఉన్న పేరే రాస్తాడు. మీకు వేరే పేరు మీద పట్టు ఉంటే అది మైదానంలో చేసుకోవడమే మర్యాద. సర్కారు గోడకి సొంత అభిప్రాయం ఉండకూడదు, ఉన్నా అది ప్రతి ఐదేళ్లకీ మారుతుంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. బిల్డింగ్ ఒంటి గురించి.

అది డంగు సున్నంతో కట్టిన గోడ. పైన టేకు దూలాలు, వాటి మీద మద్రాస్ టెర్రసో (ఇటుకా సున్నమూ వేసిన కప్పు), మంగుళూరు పెంకో. వందేళ్లుగా నిలబడింది కదా, మన ఒక్క సాయంత్రం దాన్నేం చేస్తుంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పాత ఆఫీసులో జరిపిన ఉత్సవానికి నేనే దగ్గరుండి ఏర్పాట్లు చూశాను. బ్యానర్లు కట్టడానికి మనుషులు గోడల్లోకి నాలుగంగుళాల మేకులు దిగేశారు. అయిపోయాక మేకులు పీకితే చెంచాడు చెంచాడు సున్నం రాలింది. మేస్త్రీని పిలిచి సిమెంటుతో పూడిపించి, బాధ్యతగా చేశానని సంతోషపడ్డాను. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ సిమెంటు అతుకుల చుట్టూ గోడ ఉబ్బి, పెళ్లలు పెళ్లలుగా ఊడింది. తర్వాత తెలిసినవాళ్లు చెప్పారు. సున్నపు గోడ తడి పీలుస్తుంది, వదులుతుంది. మీద సిమెంటు పూస్తే తడి బయటికి పోలేక లోపలే ఉండి గోడని తింటుంది. మేకు కంటే నా మరమ్మతే ఎక్కువ చెడు చేసింది. అందుకని మేకు వద్దు, డ్రిల్లు వద్దు, గోడకి గమ్ము టేపు కూడా వద్దు. ప్రదర్శన అంతా సొంత కాళ్ల మీద నిలబడే చట్రాలకి కట్టండి. చిన్న దెబ్బ ఏదైనా తగిలితే తాపీవాణ్ణి మీరు పిలవకండి, ఆర్ అండ్ బి వాళ్లకి రాసి ఊరుకోండి.

పైకప్పు మీదికి ఎవర్నీ ఎక్కించకండి. ఫోటోగ్రాఫర్లు ముందు అదే అడుగుతారు. ఆర్ అండ్ బి ఇంజనీరు చేత భవనం పటిష్ఠత గురించి ఒక కాగితం తీసుకోవడం మంచిది. ఆయన "హాల్లో యాభై మందికి మించొద్దు" అని రాస్తే కోప్పడకండి. ఆ కాగితం మీకే రక్ష.

కరెంటు విషయం అంతకంటే పెద్దది. పాత వైరింగు నాలుగు బల్బులకీ రెండు ఫ్యాన్లకీ వేసింది. దాని మీద మైకుసెట్టు, ఫోకస్ లైట్లు, పెడస్టల్ ఫ్యాన్లు వేస్తే వేడెక్కుతుంది. పక్కనే రికార్డు గది, నిండా ఎండు కాగితం. బ్రెజిల్‌లో రియో నగరంలో జాతీయ మ్యూజియం 2018లో ద్విశతాబ్ది జరుపుకుంది. అదే ఏడాది సెప్టెంబరు 2 రాత్రి తగలబడిపోయింది. మంట ఆడిటోరియంలో ఒక ఏసీ దగ్గర మొదలైందని దర్యాప్తులో తేలింది. సుమారు రెండు కోట్ల వస్తువుల భాండాగారం, అందులో ఎక్కువ భాగం పోయింది. మన కచేరీ అంత పెద్దది కాకపోవచ్చు, కానీ ఊళ్లో నాలుగు తరాల భూముల లెక్కలు ఆ గదిలో ఉన్నాయి. కాబట్టి భవనం మీటరు నుంచి ఒక్క వైరు కూడా లాగొద్దు. జనరేటరు ప్రహరీ గోడ అవతల, వైర్లు నేల మీదుగా. రికార్డు గదికి తాళం వేసి, సీలు వేసి, తాళం చెవి తహశీల్దారు ఆఫీసులోనే ఉండాలి. పాత రికార్డులు ప్రదర్శనకి పెడదామని ఎవరైనా ఉత్సాహపడితే అసలు ప్రతులు ఒద్దంటే ఒద్దు, అనుమతితో ఫోటోలు తీయించి వాటినే పెట్టండి. జ్యోతి ప్రజ్వలన తప్పదంటే కుందె కింద ఇసుక పోసిన పెద్ద పళ్లెం పెట్టి, వరండా అవతల వెలిగించండి. గచ్చు మీద పడిన నూనె మరక పోదు.

మరి 400 మందిని ఎక్కడ కూర్చోబెట్టాలి? లోపల కాదు. వరండా స్టేజీ, ముందున్న ఆవరణ సభ. కోణార్క్‌లో నృత్యోత్సవం ఎలా చేస్తారో చూడండి, వేదిక గుడి లోపల ఉండదు, ఎదర ఆరుబయట ఉంటుంది, గుడి వెనకాల తెరలా కనబడుతుంది. కట్టడం మీద ఒక్క కాలు పడదు, అయినా చూసేవాడి కళ్లలో అదే నిండిపోతుంది. మీ కచేరీ వరండాకి ఎత్తైన అరుగు, స్తంభాలు ఉంటాయి, అంతకంటే అందమైన స్టేజీ ఏ డెకరేటరూ వేయలేడు. దాని మీద ప్లైవుడ్ బ్యాక్‌డ్రాపు పెట్టి స్తంభాలు కనబడకుండా చేసేవాళ్లని చూశాను. ఇంత శ్రమపడి పాత కచేరీ దాకా వచ్చి దాన్నే కప్పేయడం ఏమిటో. ప్రదర్శన మాత్రం లోపల ఖాళీ గదుల్లో, ఒకసారి ఇరవై ఇరవై ఐదు మందిని వదలండి.

చెప్పడం మరిచిపోయేవాణ్ణి, తేనెపట్లు. పాత భవనాల చూర్ల కింద, రావిచెట్ల మీద ఉంటాయి. డప్పులు మోగినా, పొగ తగిలినా లేస్తాయి. ఒక కోటలో సభ మధ్యలో లేచి, వక్తతో సహా అందరం పరుగు పెట్టాం. వారం ముందే తల పైకెత్తి ఒక చుట్టు తిరిగి చూసుకోండి.

శబ్దం గురించి 2000 సంవత్సరపు నియమాలు ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు కూడదు. ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టు, వీటి చుట్టూ 100 మీటర్లు ప్రభుత్వం నోటిఫై చేస్తే నిశ్శబ్ద మండలం కిందికి వస్తుంది. పాత తాలూకా కేంద్రాల్లో కచేరీ పక్కనే మునసబు కోర్టు ఉండడం మామూలు, మీ దగ్గర ఉందేమో చూసుకోండి. ఉంటే పాట కచేరీకి పెద్ద బాక్సులు వద్దు. నిజానికి ఆ వరండాలో మైకు లేకుండా హరికథో, పద్యాలో చెప్పిస్తే బాగా వినబడుతుంది. పాత కట్టడాల్లో గొంతు అలా సాగుతుంది. మైకు అనుమతి పోలీసుల దగ్గర విడిగా తీసుకోవాలి, తహశీల్దారు ఇచ్చిన కాగితంలోనే అది వచ్చేసిందనుకోవద్దు.

తేదీతో కూడా రెండు ఇబ్బందులు. ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం. అధికారులందరూ పొద్దున ర్యాలీలోనో స్టేడియంలోనో ఉంటారు, మీ సభ సాయంత్రం పెట్టుకుంటేనే వస్తారు. ఇంకోటి, వినాయక చవితి కొన్నేళ్లు సరిగ్గా ఆ రోజులకే వస్తుంది. 2025లో ఆగస్టు 27న వచ్చింది. అప్పుడు పోలీసులు నిమజ్జనాల హడావిడిలో ఉంటారు, మైకుసెట్టువాడు దొరకడు, దొరికినా రెట్టింపు అడుగుతాడు. జూలైలోనే అడ్వాన్సు ఇచ్చి పెట్టండి. వానాకాలం కదా, ఆవరణలో షామియానా నీళ్లు దిగనిది వేయించండి.

మరుగుదొడ్లు ముందే చూసుకోవాలి. పాత కచేరీలో ఆడవాళ్లకి విడిగా ఉండకపోవచ్చు. మున్సిపాలిటీ దగ్గర మొబైల్ టాయిలెట్లుంటే అడగండి. లేకపోతే కార్యక్రమం రెండు గంటలకి కుదించండి. వరండా మెట్లు ఎత్తుగా ఉంటాయి, మీరు పిలిచే పాత కరణాలు ఎక్కలేరు. చెక్కతో వాలుబల్ల చేయించి పక్కన ఆనించండి, మెట్లకి మేకు కొట్టకుండా. వంట లోపల వద్దు. టీ, ప్యాకెట్ తిండి ప్రహరీ బయట.

ఇక అప్పగింత. మా శాఖలో ప్రతిదానికీ పంచనామా ఉంటుంది, ఇక్కడా అదే చేయండి. కార్యక్రమానికి ముందురోజు ఆఫీసు మనిషిని, మీ బృందంలో ఇద్దర్ని నిలబెట్టి ప్రతి గదీ, ప్రతి గోడా, ప్రతి తలుపూ ఫోన్‌తో ఫోటో తీయండి. ఉన్న పగుళ్లు, విరిగిన గాజులు ఒక కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. మర్నాడు మళ్లీ అదే చేయండి. పాత పగులుని మీ నెత్తిన రుద్దే అవకాశం ఉండదు, మీరు చేసిన కొత్త పగులుని పాతది అనే అవకాశమూ మీకుండదు. ఒకసారి ఇలా కాగితం మీద అప్పగించినవాళ్లకి మరుసటి ఏడాది ఎవరూ రూల్స్ చెప్పలేదు. ఫైల్లో ఆ రెండు కాగితాలు చూసి కొత్త తహశీల్దారు కూడా సంతకం పెట్టేశారు.

ఇంత చేసినా కాదంటే? "ఏ రూలో చూపించండి" అని గొడవకి దిగకండి. కాదన్న మాటని రాతలో అడగండి, మర్యాదగా. రాతలో కాదనాలంటే కారణం రాయాలి, కారణం రాయాలంటే వెతకాలి, వెతికితే చాలాసార్లు దొరకదు. అప్పటికీ కుదరకపోతే కోరికని తగ్గించండి. లోపలి గదులు వద్దు, ఆవరణ ఒక్కటే ఇవ్వండి అనండి. అదీ కాదంటే ఉదయం ఓ గంట, యాభైమంది బడిపిల్లలతో కచేరీ చుట్టూ నడక. సభ వేరే హాల్లో. మొదటి ఏడాదికి అదే చాలు, నిజం చెప్పాలంటే నాకైతే 400 మంది సభ కంటే ఆ నడకే నచ్చుతుంది.

ఫసలీ సంవత్సరం, అంటే రెవెన్యూ లెక్కల ఏడాది, జూన్ 30తో ముగుస్తుంది, జూన్‌లో తహశీల్దారు ఆఫీసులో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. జూలై మొదటి వారంలో వెళ్లండి. సోమవారం మాత్రం వద్దు, ఆరోజు అర్జీల రోజు, వరండా నిండా జనం ఉంటారు, మీ కాగితం వందో కాగితం అవుతుంది. వెళ్లేముందు ఒక వానపడే సాయంత్రం ఆ పాత కచేరీ దగ్గరికి ఊరికే ఒకసారి వెళ్లి, ఎక్కడ కారుతోందో చూసి రండి. అర్జీలో ఆ ఒక్క వాక్యం రాయండి, ఈశాన్యం మూల గదిలో పెంకు జారి నీళ్లు కారుతున్నాయని. భవనం అడిగే వాళ్లలో ఎవరూ ఇంతవరకూ రాయని వాక్యం అది.